తెర వెనక పావుగంట

"తేదీ చదవండి," అంది హెడ్మిస్ట్రెస్.

టైపిస్టమ్మ చదవలేదు. చదవడానికేముంది, డాక్టరమ్మ క్లినిక్‌లో కూర్చుని ఆ కాగితం టైపు కొట్టిందే తను. ముందుగదిలో బల్ల మీద మూడు టీ కప్పుల మధ్య మడత విప్పి పెట్టిన ఆ కాగితం వైపు చూడకుండా ఉండటానికి, ఆవిడ సాసర్లు సర్దడం మొదలుపెట్టింది.

"సరే, నేనే చదువుతాను." హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు పెట్టుకుంది. రిటైరై నాలుగేళ్ళయినా ఆవిడ ఏ కాగితాన్నయినా హాజరుపట్టీ చదివినట్టే చదువుతుంది. "'పై అమ్మాయిని ఈ నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు నా క్లినిక్‌లో స్వయంగా పరీక్షించాను. ఈమె కన్య అని ధ్రువీకరిస్తున్నాను.' కింద డాక్టరమ్మ సంతకం, ముద్ర. అంతా సవ్యంగానే ఉంది."

"ఉంది కదండీ," అంది టైపిస్టమ్మ.

"పద్నాలుగో తేదీన మా మనవరాలు మొదటిసారి పైమెట్టు మీంచి నీళ్ళలోకి దూకింది. క్యాలెండర్లో రాసి పెట్టుకున్నాను. దూకించిందెవరు? మీ అమ్మాయి. వేసవి క్లాసులకి ఆఖరి రోజని పొద్దున ఆరింటికి స్విమ్మింగ్ పూల్లో దిగిన మనిషి సాయంత్రం నాలుగు దాకా అక్కణ్ణించి కదల్లేదు. మా పెద్దమ్మాయి గట్టు మీదే కూర్చుంది. కావాలంటే అడగండి."

అందరూ పెద్దమ్మాయి వైపు చూశారు. హెడ్మిస్ట్రెస్ కూతురు ఆవిడ, పెళ్ళికొడుకుకి అక్క. నిన్న రాత్రి భోజనాల దగ్గర కూతురు దూకిన సంగతి మురిపెంగా చెప్పిన పాపానికి ఇవాళ సాక్షిగా వచ్చి కూర్చుంది. ఆవిడ తల ఎత్తలేదు.

"ఆవిణ్ణెందుకు? నన్నడగండి," అంది గోడకి ఆనుకుని నిలబడ్డ పెళ్ళికూతురు.

పూల్లో ఈత నేర్చుకునే పిల్లలు ఆమెను కోచక్క అంటారు. వాళ్ళ నోట విని వీధి వీధంతా అదే పేరు ఖాయం చేసింది. అలాంటి కాగితం ఒకటి అడిగారనీ, తన పేరు మీద ఒకటి తయారై వాళ్ళింటికి చేరిందనీ ఆమెకు తెలిసి పది నిమిషాలు కూడా కాలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను ఏ క్లినిక్‌కీ వెళ్ళలేదు. నన్నెవరూ పరీక్షించలేదు. అలాంటిది అడిగారని కూడా నాకు తెలీదు."

టైపిస్టమ్మ కళ్ళు మూసుకుంది.

"నిజం చెప్పినందుకు సంతోషం," అంది హెడ్మిస్ట్రెస్. ఆ సంతోషం మొహంలో ఎక్కడా లేదు.

"అసలు ఎందుకు అడిగారండీ?"

"అడగడంలో తప్పేముందమ్మా? ఎనిమిదేళ్ళ కిందట మా పెద్దమ్మాయికి అడిగారు. కిక్కురుమనకుండా ఇచ్చాం. ఇదే క్లినిక్, ఇదే డాక్టరమ్మ. ఇచ్చినప్పుడు లేని తప్పు అడిగినప్పుడు వచ్చిందా? పైగా నువ్వు ఆ బట్టల్లో నీళ్ళలో గెంతే మనిషివి. మగపిల్లలకీ నేర్పుతావు. మగదిక్కు లేని ఇల్లు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. వాళ్ళ నోళ్ళు మూయించాలనే అడిగాను."

"వదినగారూ," అంటూ టైపిస్టమ్మ ఏదో చెప్పబోయింది.

"ఇంకా వదినగారేమిటండీ."

నిన్నటిదాకా రోజూ ఫోను చేసి వదినగారూ వదినగారూ అంటూ అరగంటకి తక్కువ కాకుండా మాట్లాడుకున్నవాళ్ళు ఈ ఇద్దరూ.

హెడ్మిస్ట్రెస్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "సాయంత్రం నాలుగున్నరకి వేరే డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. నాలుగింటికి వస్తాను. అమ్మాయి నాతో వచ్చిందా, ఈ కాగితం సంగతి నేను మర్చిపోతాను. పెళ్ళి అనుకున్న రోజునే జరుగుతుంది. రాలేదా, దీన్ని తీసుకుని తిన్నగా డాక్టర్ల కౌన్సిల్‌కి వెళ్తాను. ఆ క్లినిక్ ఇన్నేళ్ళూ ఇచ్చిన ప్రతి కాగితాన్నీ బయటికి తీయించి, ఆ ఆడపిల్లలందర్నీ పిలిపించమంటాను. దొంగ కాగితాలతో ఎంతమంది కొంపలు ముంచారో తేలిపోతుంది."

పెద్దమ్మాయి చేతిలో కప్పు ఒరిగి టీ చీర మీద పడింది. తుడుచుకోవాలని ఆవిడకి తోచలేదు.

వాళ్ళు వెళ్ళాక టైపిస్టమ్మ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతూ నిలబడింది. కోచక్క వెళ్ళి కుళాయి కట్టేసింది.

"ఎప్పుడు అడిగారు?"

"పది రోజులైంది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"మరింకేం."

"మరింకేమా? నా ఒంటి గురించి నువ్వు రాసిచ్చేశావమ్మా. నన్ను అడక్కుండా. నేను పూల్లో పిల్లల్ని లెక్కపెట్టుకుంటుంటే, నా ఒళ్ళు ఎవరి బల్ల మీదో పడుకున్నట్టు రాసిచ్చేశావు. తేదీతో సహా."

"ఆ తేదీ..." టైపిస్టమ్మ చేతిలో కప్పు బోర్లించింది. "ఆ కాగితాలు మంగళవారాలే ఇస్తాం. ఇరవై రెండేళ్ళుగా అంతే. వేళ్ళు వాటంతటవే మంగళవారం అని కొట్టేశాయి. నువ్వు ఆ రోజు ఎక్కడున్నావో ఆలోచించలేదు. ఇన్నేళ్ళలో ఒక్క తప్పు. అదీ నీ కాగితంలోనే."

"అంటే డాక్టరమ్మ తెలిసే సంతకం పెట్టిందా? నన్ను చూడకుండానే?"

తల్లి వంటింటి తలుపు దగ్గరగా వేసింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు, అయినా వేసింది.

"ఆవిడ ఎవర్నీ చూడలేదు," అంది.

"ఎవర్నీ అంటే?"

"ఇరవై రెండేళ్ళలో ఆ కాగితం కోసం వచ్చిన ఒక్క పిల్లని కూడా ఆ క్లినిక్‌లో ఎవరూ పరీక్షించలేదు. మొదటి కేసు వచ్చిన రోజే డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి చెప్పింది. ఒళ్ళు చూసి ఈ సంగతి చెప్పడం ఎవరి తరమూ కాదు, చెప్తానన్న డాక్టరు అబద్ధమాడుతున్నట్టే అంది. వీల్లేదని పంపించేద్దామంది. పంపించేశాం కూడా. ఆ పిల్లని ఇంకోచోటికి తీసుకెళ్ళారు. వారం తర్వాత అదే పిల్ల నెత్తురు పోతోందని మా దగ్గరికే వచ్చింది. అప్పణ్ణించీ మేం ఎవర్నీ పంపించలేదు."

కోచక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

"మంగళవారం రద్దీ ఉండదు. పిల్లని తెర వెనక్కి తీసుకెళ్తాను. పావుగంట కూర్చుంటాం, నేనూ తనూ. అత్తగారో ఆడబిడ్డో బయట గడియారం చూసుకుంటూ ఉంటారు. లోపల మంచినీళ్ళిస్తాను. కొందరు ఏడుస్తారు. కొందరు కాలేజీ కబుర్లు చెప్తారు. ఒకమ్మాయి పావుగంటా హాయిగా నిద్రపోయింది, లేపడానికి మనసొప్పలేదు. టైమవగానే తెర తీస్తాను, కాగితం కొడతాను. అన్నీ ఒకటే మాట, కన్య. అందరూ కన్యలే. అడిగేవాళ్ళకి కావాల్సింది అదేగా."

"ఎంతమంది?"

"మూడొందలు దాటారు."

కోచక్కకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈ మనిషి తన తల్లి. బజారుకెళ్తే కూరలవాడితో గట్టిగా బేరమాడటానికి కూడా మొహమాటపడే తల్లి. ఊరంతటినీ ఇరవై రెండేళ్ళు బురిడీ కొట్టించి, రోజూ ఆరింటికల్లా ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా ఎప్పుడూ?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఒక్కరికి తెలిసినా మూడొందల కాపురాలు."

గర్వపడాలో కోప్పడాలో తెలియని నిమిషంలో మనిషికి కోపమే ముందొస్తుంది. కోచక్కకీ అంతే అయింది.

"వాళ్ళని కాపాడారు, సరే. కానీ ఆ పరీక్షని కూడా కాపాడారు కదా. మూడొందలసార్లు అది నిజమేనని ముద్ర వేసిచ్చారు. ఆ పెద్దావిడ ఇవాళ నన్నెందుకు అడిగింది? ఎనిమిదేళ్ళ కిందట నువ్వు వాళ్ళమ్మాయికి ఇచ్చావు గనక. నా కాగితం చూసి రేపు ఇంకెవరో ఇంకెవర్నో అడుగుతారు."

"ఇవ్వకపోతే ఆ పిల్ల ఏమయ్యేది? చెప్పు, నువ్వే చెప్పు."

కోచక్క లేచి కడిగిన కప్పులు తుడవడం మొదలుపెట్టింది. ఆఖరి కప్పు తుడిచాక అడిగింది. "ఆ పెద్దమ్మాయి నీకు గుర్తుందా?"

"లేకేం. మూడు గ్లాసుల నీళ్ళు తాగింది. ఒక్క మాట మాట్లాడలేదు."

మధ్యాహ్నం రెండింటికి పూల్లో నీళ్ళు పట్టే పని ఉంది. ఉతికిన ఈత టోపీలు తీగ మీద ఆరేస్తుంటే సర్వేయరు వచ్చాడు, పెళ్ళికొడుకు. బూట్లు విప్పకుండా గట్టు మీదికి రాకూడదని అతనికి తెలుసు, ఏడాదిగా మేనకోడల్ని దింపడానికి వస్తూనే ఉన్నాడు. ఇవాళ మర్చిపోయాడు. అలా దింపడానికి వచ్చినప్పుడే ఇద్దరికీ పరిచయం. పెళ్ళిమాట ముందు ఎత్తింది అతనే.

"అమ్మ అలా రాకుండా ఉండాల్సింది," అన్నాడు.

కోచక్క ఇంకో టోపీ దులిపింది.

"ఆవిడ పట్టుబడితే వదలదు, నీకు తెలీదు. ఒక్క అరగంట. కళ్ళు మూసుకుంటే అయిపోతుంది. తర్వాత మన బతుకు మనది. మీ అమ్మగారి ఉద్యోగం కూడా నిలబడుతుంది. నేను అందరి గురించీ ఆలోచించే చెప్తున్నాను."

"కాగితం అడగమన్నది నువ్వా?"

"ఛ. నేనెందుకు అడుగుతాను? అమ్మే."

"వచ్చాక చూశావా?"

"చూశాను."

"చూస్తే ఏమనిపించింది?"

అతను నీళ్ళ వైపు చూశాడు. నేలని అంగుళాలతో సహా కొలిచి రాసే మనిషి, ఉన్నదున్నట్టు చెప్పడం అతనికి వృత్తి. ఆ అలవాటే ఇవాళ కొంప ముంచింది.

"మనసు కుదుటపడింది," అన్నాడు.

తీగ మీద టోపీలన్నీ నీళ్ళు కారుతున్నాయి. కోచక్కకి ఏడుపు రాలేదు, కోపం కూడా కాదు. సిగ్గేసింది. ఏడాది పాటు ఈ మనిషి పక్కన కూర్చుని మనసారా నవ్వినందుకు సిగ్గేసింది.

"అయితే అంతకుముందు ఏడాదంతా కుదుటగా లేదన్నమాట."

"అలా కాదు. నీ మీద నమ్మకం లేక కాదు..."

"నాతో కూర్చుని టీ తాగావు. మా అమ్మకి జ్వరమొస్తే మందులు తెచ్చావు. అప్పుడంతా లోపల ఒక అనుమానం పెట్టుకునే తిరిగావు. నాకు కనపడనివ్వలేదు, అంతే."

"ప్రతి మగాడికీ ఉంటుంది. నేను దాచకుండా చెప్పాను. అది తప్పా?"

"తప్పు కాదు. ఇక నువ్వు వెళ్ళు."

అతను వెళ్ళాడు. వెళ్తూ రెండుసార్లు ఆగాడు. కోచక్క పిలవలేదు.

ఆమె బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళేసరికి బెంచీ మీద పెద్దమ్మాయి కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో, తమ్ముడు మాట్లాడినదంతా విన్నట్టే ఉంది. టీ మరక ఉన్న చీర ఇంకా మార్చుకోలేదు.

"నువ్వు వెళ్ళిరా," అంది, ముందూ వెనకా ఏమీ లేకుండా.

"వదినా, మీరు కూడానా."

"కౌన్సిల్ దాకా వెళ్తే నాదీ బయటికి వస్తుంది. మా అత్తగారు ఆ కాగితాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకుంది. నా పెళ్ళి ఫోటోలు ఎక్కడున్నాయో ఆవిడకి తెలీదు, అది మాత్రం తెలుసు. మా ఆయన మంచివాడే. కానీ వాళ్ళమ్మ మాట దాటడు. నాకు ఆడపిల్ల ఉంది. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి వెళ్ళిరా."

"అక్కడ ఏం చేస్తారో మీకు తెలుసా?"

పెద్దమ్మాయి కొంగు మరక మీదికి లాక్కుంది.

"తెలీదు. నన్నెవరూ ముట్టుకోలేదు. మీ అమ్మగారు పక్కన కూర్చున్నారు. ఇవాళ మీ ఇంట్లో చూడగానే గుర్తుపట్టాను. అప్పుడు భయంతో నోరు ఎండిపోతే నీళ్ళిస్తూనే ఉన్నారు."

"మిమ్మల్ని ముట్టుకోలేదు. నన్ను ముట్టుకోనివ్వమంటున్నారు."

ఈ మాట గట్టిగా అనలేదు కోచక్క. అడిగినట్టే అంది. పెద్దమ్మాయి బెంచీ అంచు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

నిజం చెప్పుకోవాలంటే, ఒంటరిగా మిగిలాక కోచక్క వెళ్దామనే అనుకుంది. అరగంట. అవతల మూడొందల మంది. వాళ్ళలో పూల్లో రోజూ కనపడే తల్లులు ఎందరో. తల్లి ఉద్యోగం, డాక్టరమ్మ పేరు. త్రాసులో తను ఒక్కతే ఇటు. లేచి తాళాలు తీసుకుంది కూడా. అప్పుడు ఆ బల్ల గుర్తొచ్చింది, ఎప్పుడూ చూడని బల్ల. దాని మీద పడుకుంటే ఒళ్ళంతా ఎవరిదో అయిపోతుందనిపించింది. తాళాలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

కోచక్క ఇంటికి చేరి కాసేపయిందో లేదో, నాలుగింటికి పది నిమిషాలు ఉండగానే గుమ్మం ముందు కారు ఆగింది. హెడ్మిస్ట్రెస్ ఆలస్యాన్ని ఎన్నడూ క్షమించని మనిషి. వెనక పెద్దమ్మాయి. సర్వేయరు గుమ్మం బయటే ఆగిపోయాడు, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక.

"తయారేనా?" అంది హెడ్మిస్ట్రెస్.

"నేను రానండీ," అంది కోచక్క. "ఇవాళ రాను, ఎప్పుడూ రాను. పెళ్ళి ఉండదు. మీ అబ్బాయికి మధ్యాహ్నమే అర్థమైందనుకుంటాను."

హెడ్మిస్ట్రెస్ కొడుకు వైపు చూసింది. అతను బూట్ల వైపు చూసుకున్నాడు.

"అయితే నేను ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్తాను."

"అక్కర్లేదు," అంది టైపిస్టమ్మ.

ఆవిడ పొద్దుటి మనిషిలా లేదు. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది, ఆఫీసుకు వెళ్ళేటప్పుడు పెట్టుకునే పెన్ను చేతిలో ఉంది. "ఆ సంతకం నేను పెట్టింది. ముద్ర నా సొరుగులోనే ఉంటుంది. డాక్టరమ్మకి ఏమీ తెలీదు. కూతురి పెళ్ళి ఆగకూడదని చేశాను."

"అమ్మా, అబద్ధం చెప్పకు."

"నువ్వు ఊరుకో."

"నేను ఊరుకోను. ఇలా చెప్తే మిగతావన్నీ నిజమైపోతాయి. నీకు అర్థమవుతోందా?"

"అర్థమయ్యే చెప్తున్నాను. నా మీద పడితే నేనొక్కదాన్నే."

హెడ్మిస్ట్రెస్ తల్లిని వదిలి కూతుర్నీ, కూతుర్ని వదిలి తల్లినీ చూసింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్నో దొంగ సంతకాలు పట్టుకుంది. ఇలా ఎదురొచ్చి ఒప్పుకున్నవాళ్ళు అరుదు.

"అంటే ఈ ఒక్కటే దొంగది?"

"ఈ ఒక్కటే."

"మిగతావన్నీ?"

"డాక్టరమ్మ స్వయంగా చూసి ఇచ్చినవే."

హెడ్మిస్ట్రెస్ గట్టిగా ఊపిరి వదిలింది. పొద్దుట్నించీ ఆవిడ మనసులో ఏం మెదిలిందో అప్పుడు బయటపడింది. కౌన్సిల్ అని బెదిరించింది గానీ, దారి పొడుగునా ఆవిడా ఇంకో కాగితం గురించే భయపడింది. "రాసివ్వండి, ఆ మాటే రాసి సంతకం పెట్టండి. పోలీసులు చూసుకుంటారు." తర్వాత కూతురి భుజం తట్టింది. ఆ చెయ్యి ఎంతో ప్రేమగా ఉంది, అదే బాధ. "విన్నావుగా, నీది నిఖార్సైనది. పొద్దుట్నించీ నా ప్రాణం ప్రాణంలో లేదు."

టైపిస్టమ్మ బల్ల ముందు కూర్చుని తెల్లకాగితం మీద తేదీ వేసింది. కోచక్క ఆ చెయ్యి పట్టుకుంది. తల్లి విడిపించుకుంది. ఇద్దరి మధ్యా పెన్ను కాగితం మీద గీత గీసింది.

"రాయకండి," అంది పెద్దమ్మాయి.

ఆవిడ గొంతు ఆ గదిలో వినపడటం అదే మొదటిసారి. వచ్చి పెన్ను తీసుకుంది. తీసుకున్నాక దాన్ని ఏం చెయ్యాలో తెలీక గుప్పిట్లో బిగించింది.

"ఆవిడ దొంగ సంతకం పెట్టలేదమ్మా. నాదీ ఇలాంటిదే. తెర వెనక పావుగంట ఊరికే కూర్చున్నాను. బయట నువ్వూ మా అత్తగారూ కూర్చున్నారు. డాక్టరమ్మ తెర లోపలికే రాలేదు. ఎవరూ నన్ను చూడలేదు, ఎవరూ నన్ను ముట్టుకోలేదు. ఇవాళ ఈ పిల్లని అక్కడికి పొమ్మని నేనే బతిమాలాను. నాకు తప్పిందాన్ని దీని నెత్తిన పెట్టబోయాను. నా వల్ల కాదు."

"అక్కా," అన్నాడు గుమ్మంలోంచి సర్వేయరు. "బావకి తెలిస్తే..."

"తెలియనీ."

హెడ్మిస్ట్రెస్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కోచక్కకి ఆవిడ మీద ఒక్క క్షణం జాలి కలిగింది. ఏమైనా తల్లి కదా. ఇరవై మూడేళ్ళ పిల్ల ఆ తెర వెనక ఎంత బెదిరిపోయి ఉంటుందో ఇప్పుడైనా అడుగుతుంది, దగ్గరికి తీసుకుంటుంది అనుకుంది.

హెడ్మిస్ట్రెస్ చాలాసేపు కూతుర్ని చూసింది. తర్వాత, కొడుకుకి వినపడకూడదని గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అయితే... అప్పుడు నువ్వు?"

పెద్దమ్మాయి తల్లి మొహంలోకి తిన్నగా చూసింది.

"చెప్తే నమ్ముతావా అమ్మా? ఇప్పుడు నా దగ్గర కాగితం లేదు."

నమ్ముతాను అనడానికి ఎంతసేపు పడుతుంది. టైపిస్టమ్మ ఎదురుచూసింది, కోచక్క ఎదురుచూసింది. పెద్దమ్మాయి అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది. హెడ్మిస్ట్రెస్ పెదవులు కదిలాయి. ఆవిడ కూతుర్ని దాటి గుమ్మంలో ఉన్న కొడుకు వైపు చూసింది.

"ఆ తలుపు వెయ్యి," అంది.